కోవిడ్ ఐసీయూలో చేసిన మా అక్క ఇంకా తేరుకోలేదు, ఇంట్లో వాళ్లం ఏం చేయాలి?

చెల్లెలు_కరీంనగర్:

నమస్తే. కోవిడ్ వార్డుల్లో డ్యూటీ చేసిన సిస్టర్లు, బ్రదర్లు ఎవరైనా ఉంటే దయచేసి చదవండి. పెద్దగా రాశాను, ఏది వదిలేయాలో తెలియలేదు.

మా అక్క జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఉండేది. కరోనా మొదలైనప్పుడు ఇంట్లో అందరం మానెయ్యమన్నాం, వినలేదు. 2020లో హాస్టల్ వాళ్లు ఖాళీ చేయమంటే హాస్పిటల్ వాళ్లు ఒక లాడ్జిలో రూములు చూపించారు, అప్పుడు కూడా ఫోన్ చేస్తే నవ్వుతూనే మాట్లాడేది. 2021 ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మారిపోయింది. ఎప్పుడు చేసినా "తిన్నా, పడుకుంటా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. ఆ ఏడాది చివర్లో రిజైన్ చేసి ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు ఇక్కడే చిన్న నర్సింగ్ హోమ్‌లో ఓపీలో చేస్తోంది.

నిద్ర సరిగా లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే బీప్ బీప్ అంటుంది కదా, గాఢ నిద్రలో ఉన్నా ఆ శబ్దానికి లేచి నిలబడుతుంది, చేతులు దేనికోసమో వెతుకుతాయి. సెలైన్ పంపు అలారం కూడా అలాగే ఉంటుందట. చావు ఇంటికి అసలు రాదు. మా పెదనాన్న పోతే ఊరి దాకా వచ్చి ఆటోలోనే కూర్చుంది. బంధువులు మాటలన్నారు. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా అందరికంటే ముందు పరుగెత్తే మనిషి, ఇలా ఉంటే మాకు భయంగా ఉంది. అమ్మ దిష్టి తగిలిందంటుంది, నాన్న పెళ్లయితే సర్దుకుంటుందంటాడు.

ఇంకో విషయం. టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ద్వారా జర్మనీ వెళ్లడానికి అప్లై చేసి జర్మన్ క్లాసులకు వెళ్లింది. భాష బాగానే పట్టుకుంది. ఇంటర్వ్యూలో ఐసీయూ అనుభవం గురించి అడుగుతారని ఎవరో చెప్పినప్పటి నుంచి "నేను వెళ్లను" అంటోంది. బలవంతంగానైనా పంపితే కొత్త చోట మర్చిపోతుందా, లేక ఇంకా ఎక్కువవుతుందా?

ఇది మామూలు టెన్షనా, జబ్బా? ఇన్నేళ్ల తర్వాత కూడా ఉంటుందా? సైకియాట్రిస్ట్ అనే మాట ఎత్తితే కోపం వస్తుంది, "నేను నర్సుని, నాకు తెలియదా" అంటుంది.

హెడ్‌నర్స్_గుంటూరు:

అమ్మా, మీ అక్క గురించి చదువుతుంటే మా వార్డు అమ్మాయిలు కళ్ల ముందు కనిపించారు. నేను ప్రభుత్వ ఆస్పత్రిలో ఇన్‌చార్జ్ సిస్టర్‌ని, రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్నాను. డాక్టర్ని కాదు కాబట్టి జబ్బు పేరు చెప్పను. అక్కడ ఏం జరిగిందో బయటివాళ్లకి తెలియదు, మీ అక్క చెప్పదు, అందుకని నేను రాస్తాను, మీ అమ్మానాన్నలకు చదివి వినిపించు.

పీపీఈ కిట్ వేసుకున్నాక నీళ్లు తాగడం లేదు, బాత్రూముకి వెళ్లడం లేదు. ఆరు గంటల డ్యూటీ అన్నా వేసుకోవడం, విప్పడం, హ్యాండోవర్ అన్నీ కలిపితే ఇంకా ఎక్కువే అయ్యేది. మే నెల ఎండలు, ఏసీ వేయొద్దన్నారు. నెలసరి రోజుల్లో ఉన్న పిల్లలు ఆ కిట్‌లో ఎలా పనిచేశారో వాళ్లకే తెలుసు. కళ్లద్దాలకు ఆవిరి పట్టేది. రెండు జతల గ్లోవ్స్ మీద వేలికి నరం తగిలేది కాదు, ఒక్క కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) పెట్టడానికి రెండు మూడుసార్లు గుచ్చాల్సి వస్తే పేషెంటుకి నొప్పి, మాకు బాధ. పేషెంట్ల బంధువులని లోపలికి రానివ్వలేదు కాబట్టి అన్నం తినిపించేది, తుడిచేది, బోర్లా పడుకోబెట్టేది, ఇంటికి వీడియో కాల్ చేసి చూపించేది అన్నీ మేమే. పేషెంటుకి ఆ గదిలో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు, మా ముఖం కూడా కనిపించదు, వీపు మీద మార్కర్‌తో రాసిన పేరు ఒక్కటే.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది, గుర్తుందా. ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. బంధువులు కోపంతో ఐసీయూలోకి దూసుకొచ్చారు. వాళ్ల బాధ వాళ్లది, కళ్ల ముందు మనిషి పోతుంటే ఎవరైనా అంతే. కానీ ట్యాంకర్ సంగతి నర్సు చేతిలో ఏముంది? ఆ వార్త విన్న దగ్గర్నుంచి మా వార్డులో ఏ పిల్ల ఏ పని చేస్తున్నా కన్ను ప్రెషర్ గేజ్ మీదే. ముల్లు కొంచెం కిందికి వస్తే అందరి మాటా ఆగిపోయేది.

ఇంకొకటి చెప్తాను, ఇది ఎవరూ రాయరు. బాడీని బ్యాగులో పెట్టి జిప్పు వేసే ముందు ఒంటి మీద నగలు తీసి రిజిస్టర్లో రాయాలి. ఇద్దరు సిస్టర్లు కలిసి తీయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బంగారం అని రాయకూడదు, అసలుదో గిల్టుదో మనం చెప్పలేం కాబట్టి "పసుపు రంగు లోహం" అని రాయాలి. పసుపు రంగు లోహం, పుస్తెలు రెండు. పసుపు రంగు లోహం, ముక్కుపుడక ఒకటి. కాళ్లు వాచిపోతే మెట్టెలు రావు, సబ్బు నీళ్లు వేసి తిప్పుతూ తీయాలి. ముత్తైదువుగా పోయిన మనిషిని ఇంట్లో అయితే పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు ముడిచి సాగనంపుతారు. మేము ఆవిడ మెట్టెలు ఊడదీసి కవర్లో వేసి, కవరు మీద ఐపీ నంబరు (పేషెంటు అడ్మిషన్ నంబరు) రాసేవాళ్లం. మా దగ్గర పెళ్లి కావాల్సిన పిల్లలే ఎక్కువ, వాళ్ల చేత ఆ పని చేయించాల్సి వచ్చింది. ఆ పని ముగియక ముందే క్యాజువాలిటీ నుంచి ఫోన్, బెడ్ ఖాళీ అయిందా అని. ఏడవడానికి టైమ్ ఎక్కడుంది తల్లీ. అప్పుడు ఏడవనిది ఇప్పుడు ఫ్రిజ్ శబ్దానికి బయటికొస్తోంది అనుకుంటున్నాను.

మీ పెదనాన్న ఇంట్లోకి ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బంధువులకి నువ్వు సమాధానం చెప్పు, ఆమెని చెప్పుకోమనకు. "ధైర్యంగా ఉండు" అని మాత్రం అనొద్దు. ఆ రెండు నెలలు ఆమె ధైర్యంగానే ఉంది.

రైతుబిడ్డ_నల్గొండ:

నాది మెడికల్ లైన్ కాదు, తప్పుగా అనుకోవద్దు. ఆ టైంలో పోలీసులు, మున్సిపాలిటీ శానిటేషన్ వాళ్లు, శ్మశానాల్లో చేసినవాళ్లు అందరూ పడ్డారు కష్టం. మా ఇంట్లో కూడా మనిషిని పోగొట్టుకున్నాం. అందరం ఏదో ఒకలా లేచి పని చేసుకుంటున్నాం కదా. ఇన్నేళ్లు అదే మనసులో పెట్టుకుంటే ఆరోగ్యం పాడవుతుంది. పొద్దున్నే లేచి ప్రాణాయామం, నడక మొదలుపెట్టమనండి, పెళ్లి సంగతి కూడా మీ నాన్నగారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది.

బ్రదర్_ఐసీయూ:

అన్నా, మీ ఇంట్లో మనిషి పోయినందుకు బాధగా ఉంది. మీరు మంచి మనసుతోనే అన్నారు, కానీ ఒక మాట వినండి. "మనసులో పెట్టుకోవడం" అనేది ఆమె కోరి చేస్తున్న పని కాదు. నిద్రలో అలారం వింటే లేచి నిలబడే మనిషి దాన్ని కావాలని చేస్తుందా? ఇక పెళ్లి అంటారా, రాత్రి నిద్రలో లేచి నిలబడే అమ్మాయిని కొత్త ఇంటికి పంపిస్తే అత్తగారింట్లో ఏమంటారో మనందరికీ తెలుసు. శానిటేషన్ వాళ్లు పడ్డారు అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, వాళ్ల గురించి అడిగినవాడు ఇంకా లేడు.

నేను మేల్ నర్సుని. సెకండ్ వేవ్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో టెంపరరీగా తీసుకున్నారు, కేసులు తగ్గగానే ఫోన్ చేసి రేపటి నుంచి రావొద్దన్నారు. పేరు రాయను. నాకు స్ట్రెస్ అనే మాట విన్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది, అందరూ నర్సు మనసు గురించి మాట్లాడతారు, నర్సు డ్యూటీ రోస్టర్ గురించి ఎవరూ మాట్లాడరు.

వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటుకి ఒక షిఫ్టులో ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మాకు ఒక్కొక్కరికి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చారు. ఒకరికి సక్షన్ చేస్తుంటే (గొంతులో కఫం మెషిన్‌తో తీస్తుంటే) పక్క బెడ్ వాళ్లు మాస్క్ పీకేస్తారు, ఆక్సిజన్ తక్కువైతే మనిషికి అయోమయం వస్తుంది, ఏం చేస్తున్నారో వాళ్లకే తెలియదు. అటు పరుగెత్తాలా, ఇది పూర్తి చేయాలా? ఇలాంటివి షిఫ్టంతా. ఇంటికొచ్చి పడుకుంటే, ఆ పక్క బెడ్ వైపు ముందు వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని తల తిరుగుతూనే ఉంటుంది. ప్రాణాయామం మంచిదే, నేనూ చేస్తాను. అది నలుగురు పేషెంట్లను ఒకరిగా చేయదు.

2020 మార్చి 22న సాయంత్రం అందరూ పళ్లేలు మోగించారు, మే 3న ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు హైదరాబాద్ గాంధీ ఆస్పత్రి మీద పూలు చల్లాయి. ఆ గౌరవం మాకు సంతోషమే. అదే గాంధీలో జూలైలో అవుట్‌సోర్సింగ్ నర్సులు సమ్మె చేస్తే తప్ప 17,500 జీతం 25,000 కాలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో నర్సులు 2020 జూన్‌లో ఆందోళన చేసి అడిగిందేమిటంటే, పీపీఈలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దు అని. 2021 జూలైలో తెలంగాణలో కోవిడ్ కోసం తీసుకున్న 1,600 మందికి పైగా నర్సులను ఒక్కసారిగా తీసేస్తే రోడ్డు మీద కూర్చున్నారు. కేంద్రం ఇచ్చిన 50 లక్షల బీమా కూడా కోవిడ్‌తోనో ఆ డ్యూటీలో ప్రమాదం జరిగో చనిపోతేనే. బతికి, నిద్ర పోగొట్టుకున్నవాళ్లకు అందులో ఏమీ లేదు.

జీతం గురించి ఎందుకు మాట్లాడుతున్నాడు అనుకుంటారేమో. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి సెలవు అడగదు, నాకు భయంగా ఉంది అని ఇన్‌చార్జ్‌కి చెప్పదు. స్ట్రెస్ అక్కడే ముదురుతుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేట్ హాస్పిటళ్లలో ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 లోపు పడకలున్న చోట కూడా 20,000కు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. ఇది చదివేవాళ్లలో ప్రైవేట్‌లో చేస్తున్న సిస్టర్లు మీ పే స్లిప్ తీసి చూసుకోండి.

చెల్లీ, మీ అక్క అప్పుడు ఏ డ్యూటీలు చేసిందో, ఎంతమందిని చూసుకుందో ఎప్పుడైనా అడిగావా? చావుల గురించి అడగొద్దు, డ్యూటీ గురించి అడుగు. నాతో మా రూమ్మేట్ అలా మొదలుపెట్టించాడు. "నైట్‌లో ఎంతమంది ఉండేవాళ్లు, తిండి ఎక్కడ తినేవాళ్లు" అని. అక్కడి నుంచి మాట దానంతట అదే వచ్చింది.

సైక్_నర్సింగ్_ట్యూటర్:

నేను సైకియాట్రిక్ నర్సింగ్ బోధిస్తాను, చాలామంది స్టాఫ్ నర్సులు ఇదే సమస్య గురించి నాతో మాట్లాడారు. అండీ, పోస్టు చదివి జబ్బు పేరు నిర్ధారించడం సరికాదు. అయినా మీరు రాసినవి, అంటే శబ్దానికి ఉలిక్కిపడి లేవడం, ఆ రోజుల్ని గుర్తుచేసే చోట్లకు వెళ్లలేకపోవడం, నిద్ర చెడటం, ఇవి ఒక నెల దాటి ఉండి రోజువారీ బతుకుకి అడ్డం వస్తుంటే పీటీఎస్‌డీ (ఘోరం చూశాక మిగిలిపోయే మానసిక సమస్య) కోణంలో తప్పకుండా చూపించాలి. ఇన్నేళ్ల తర్వాత ఉండటం వింత కాదు. గుర్తొచ్చే ప్రతిదాన్నీ తప్పించుకుంటూ పోతే భయం అలాగే నిలిచిపోతుంది. ఐసీయూ వదిలి ఓపీకి మారినా తగ్గకపోవడానికి అది ఒక కారణం.

బర్నౌట్ అని అందరూ వాడుతున్న మాట దీనికి సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ని జబ్బుగా చేర్చలేదు, పనిచేసే చోట ఒత్తిడి అదుపు తప్పితే వచ్చే స్థితిగా రాసింది. ఓపిక అంతా ఇంకిపోవడం, పని మీదా పేషెంట్ల మీదా విరక్తి, నేను దేనికీ పనికిరాను అనిపించడం. బర్నౌట్‌కి మందు చాలావరకు బ్రదర్ గారు చెప్పినదే, సిబ్బంది, సెలవు, జీతం, మాట వినే ఇన్‌చార్జ్. మీ అక్కకు అప్పుడు అది కూడా ఉండి ఉండొచ్చు. ఇప్పుడు మిగిలింది వేరేలా కనిపిస్తోంది.

మూడోది ఒకటుంది, నర్సులలో నేను ఎక్కువగా చూసింది అదే. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తత్వశాస్త్ర అధ్యాపకుడు నర్సుల గురించే రాస్తూ దాన్ని మోరల్ డిస్ట్రెస్ అన్నాడు. ఏది చేయాలో తెలుసు, చేయనివ్వని పరిస్థితి. ఉన్నది ఒక్క బైపాప్ (మాస్క్ ద్వారా ఊపిరికి సాయం చేసే మెషిన్), కావాల్సినవాళ్లు ఇద్దరు. ఎవరికి పెట్టాలో డాక్టర్ నిర్ణయిస్తారు, కానీ ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి పెట్టే చేతులు నర్సువి. తీసేటప్పుడు ఆ మనిషి ఆమె కళ్లలోకే చూస్తాడు. ఆమె తప్పు ఒక్కటి కూడా లేదు, అయినా తనే చేశానన్న భావం మనసులో నాటుకుపోతుంది. ఇలాంటి వాళ్లకి "నువ్వు చాలా గొప్ప సేవ చేశావు" అంటే కూడా గుచ్చుకుంటుంది, సన్మానాలకు పిలిస్తే తప్పించుకుంటారు. మే 12న నర్సుల దినోత్సవం నాడు ఫోన్ స్విచాఫ్ చేసుకునే అమ్మాయిలు నాకు తెలుసు.

వైద్యం ఉంది, అది పనిచేస్తుంది. ట్రామా కోసం ప్రత్యేకంగా చేసే సీబీటీ, ఈఎండీఆర్ అనే థెరపీ పద్ధతులు ఉన్నాయి, శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు. అవసరమైతే సైకియాట్రిస్ట్ మందులు రాస్తారు, అవి వాడినంత మాత్రాన జీవితాంతం వాడాలని లేదు. మీరు ఇంట్లో కూర్చోబెట్టి ఒక్క రోజులో అంతా చెప్పించేయాలని మాత్రం చూడకండి. ఘోరం చూసినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా కక్కించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంది. ఆమె చెప్పినంత వినండి, ఆగితే ఆగనివ్వండి.

ఒక్కటి మాత్రం మొహమాటపడకుండా అడగండి. నిద్ర కోసం ఏమైనా వేసుకుంటోందా? నర్సులకు మందులు చేతికి అందేంత దూరంలో ఉంటాయి, మోతాదు తెలుసు, అందుకే ఎవరికీ చెప్పకుండా అల్ప్రజోలం లాంటివి మొదలుపెడతారు. అలవాటైతే వాళ్లంతట వాళ్లు మానలేరు, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం కూడా, ఫిట్స్ రావచ్చు. అలా వాడుతుంటే తిట్టకండి, దాచకండి, డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించాలి. బతకాలని లేదు అనే అర్థం వచ్చే మాట ఎప్పుడైనా అంటే ఆ రోజే తీసుకెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు.

సైకియాట్రిస్ట్ మాటకే కోపం వస్తే ముందు ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు. టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే వరంగల్ ఎంజీఎం లాంటి టీచింగ్ హాస్పిటళ్లలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, ఆంధ్రావాళ్లకు విశాఖలో ఉంది. నర్సులకు పెద్ద భయం తెలిసినవాళ్లు చూస్తారని. ఆమె పనిచేసిన, చేస్తున్న చోటికి వద్దు, ఇంకో ఊరికి తీసుకెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆమె వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లది.

కోలుకున్నవాడు_హన్మకొండ:

2021 మేలో నేను ఐసీయూలో ఉన్నాను. డాక్టర్ గారు రోజుకి ఎన్నిసార్లు వచ్చారో నాకు గుర్తులేదు. రాత్రి ఒక సిస్టర్ నా మంచం పక్కన నిలబడి, "ముక్కుతో పీల్చండి, నోటితో వదలండి, నాతోపాటు చేయండి" అని తను కూడా ఆ మాస్కులోనే చేసి చూపించేది. ముఖం తెలియదు, పేరు వీపు మీద ఉంటుంది కాబట్టి పడుకున్న నాకు కనిపించలేదు. డిశ్చార్జ్ అయ్యాక అడిగితే డ్యూటీ మారిపోయిందన్నారు. మీ అక్క అలాంటి వాళ్లలో ఒకరు. ఆమెకు ఇష్టమైతేనే నా మాట చెప్పండి, పైన మేడమ్ చెప్పినట్టు గుచ్చుకుంటుందనిపిస్తే వద్దు.

నర్స్_జర్మనీ_తెలుగు:

జర్మనీ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. కరోనా అప్పుడు గల్ఫ్‌లో ఉన్నాను, 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాక ఇంట్లో ఏం జరిగినా ఫోన్లో చూడటమే. ఇప్పుడు జర్మనీలో జనరల్ వార్డులో చేస్తున్నాను.

అక్కడికి వెళ్తే మర్చిపోతుందా అని అడిగారు. ఆ ఆలోచనతో మాత్రం పంపకండి. మొదటి ఏడాది చాలా కష్టం. జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసైనా వార్డులో ముసలివాళ్ల యాస అర్థం కాదు, మన సర్టిఫికెట్‌కి గుర్తింపు వచ్చేదాకా పరీక్షో, ట్రైనింగో ఉంటుంది, చలికాలంలో నాలుగున్నరకే చీకటి. నిద్రలేని మనిషికి అది మరీ భారం. పైగా అక్కడ సైకోథెరపీ అపాయింట్‌మెంట్‌కి నెలల తరబడి ఆగాలి, దొరికినా జర్మన్‌లో మాట్లాడాలి. ఆ మెట్టెల సంగతి జర్మన్‌లో ఎలా చెప్తుంది చెప్పండి. మన ఊళ్లోనే, తెలుగులో, ఇంట్లో మనుషులు దగ్గర ఉన్నప్పుడే వైద్యం మొదలుపెట్టండి.

అలాగని ఆ దారి మూసేయొద్దు. అక్కడ ఐసీయూలో పగలు ఒక నర్సుకి ఇద్దరు, రాత్రి ముగ్గురు పేషెంట్లకు మించకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. సిబ్బంది కొరత అక్కడా ఉంది, నిబంధన దాటిన రోజులూ ఉంటాయి, కానీ దాటితే హాస్పిటల్ లెక్క చెప్పాలి. ఒంట్లో బాగోలేదని డాక్టర్ రాసిస్తే ఆరు వారాల దాకా పూర్తి జీతం వస్తుంది, మనసుకి బాగోలేకపోయినా అదే రూలు. నాకు అది కొత్తగా అనిపించింది, మన దగ్గర జ్వరానికే సెలవు అడగాలంటే భయపడేవాళ్లం.

ఐసీయూలో చేశారు కాబట్టి ఐసీయూకే వెళ్లాలని ఏమీ లేదు. ఇంటర్వ్యూలో జనరల్ వార్డు, రీహాబ్, వృద్ధుల సంరక్షణ అని అడగొచ్చు, అన్ని చోట్లా మనుషులు కావాలి. ఐసీయూ గురించి అడిగితే "వెంటిలేటర్ పేషెంట్లను చూశాను, ఇప్పుడు వార్డులో చేయాలనుకుంటున్నాను" అని రెండు వాక్యాలు చాలు. ఎందుకు అని తవ్వరు. ఆ రెండు వాక్యాలు జర్మన్‌లో ముందే రాసి పెట్టుకోమనండి.

చెల్లెలు_కరీంనగర్:

అందరికీ చేతులెత్తి దండం. గుంటూరు మేడమ్ రాసింది అమ్మకి చదివి వినిపించాను, మెట్టెల దగ్గర ఆపేయమంది. ఆ తర్వాత దిష్టి మాట ఎత్తలేదు. నాన్న ఇంకా ఏమీ అనలేదు, కానీ నిన్న సంబంధం వాళ్లకి ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్పాడు.

బ్రదర్ చెప్పినట్టు డ్యూటీ గురించి అడిగాను. రాత్రి బట్టలు మడతపెడుతుంటే, "అప్పుడు నైట్‌లో ఎంతమంది ఉండేవాళ్లక్కా" అన్నాను. చాలాసేపు చెప్పింది. ఎక్కువ భాగం కోపమే, మనుషులను ఇవ్వలేదని, ఒక సిస్టర్‌కి పాజిటివ్ వస్తే ఆమె డ్యూటీ కూడా వీళ్లతోనే చేయించారని. ఒక పేషెంట్ గురించి మొదలుపెట్టి ఆపేసింది, నేను అడగలేదు.

మందుల సంగతి అడిగాను. వేసుకుంటోంది. చాలాకాలంగా అట, రాత్రి ఒకటి, ఒక్కోసారి రెండు. నాకు చెప్పినందుకు తనకే తేలికగా అనిపించినట్టుంది. 14416కి తనే చేసింది, గదిలోకి వెళ్లి తలుపేసుకుని మాట్లాడింది, ఏం మాట్లాడిందో నేను అడగలేదు. వచ్చే వారం వరంగల్ వెళ్దాం అంది. "నువ్వు కూడా రా, కానీ లోపలికి వద్దు" అంది. ఏమేం తీసుకెళ్లాలి?

సైక్_నర్సింగ్_ట్యూటర్:

మంచి పని చేశారు. ఆధార్ కార్డు, ఇంతకుముందు వాడిన మందుల చీటీలు ఏమైనా ఉంటే అవి, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్ అలాగే తీసుకెళ్లండి, పేరు చెప్పడం కంటే చూపించడం నయం. ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి, ఒక్కోసారి రెండు అన్న సంగతి కూడా ఆమెనే చెప్పమనండి. అపాయింట్‌మెంట్ దాకా ఆ మాత్ర మానేయాలని, తగ్గించాలని సొంతంగా ప్రయత్నించొద్దని గట్టిగా చెప్పండి. తను నర్సునని, కోవిడ్ ఐసీయూలో చేశానని మొదటే చెబితే డాక్టర్‌కి సగం ప్రశ్నలు తగ్గుతాయి. ఓపీ రద్దీగా ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. మొదటిసారి పది నిమిషాలే చూసి పంపించినా నిరుత్సాహపడొద్దు, క్లినికల్ సైకాలజిస్ట్‌కి రాయమని అడగండి, వాళ్ల దగ్గరే ఎక్కువసేపు మాట్లాడేది. మీరు బయట కూర్చోండి, లోపలికి వద్దంది కదా, పిలిస్తేనే వెళ్లండి.